ఓమ్ని ఎంపీఎఫ్ఐ: నల్ల పొగ, పెట్రోలు వాసన, సెన్సర్ మార్చినా అదే తీరు

సకినాలక్క, హసన్‌పర్తి:

అందరికీ నమస్తే. నాకు బండి నడపడం వచ్చు గానీ బండి లోపల సంగతులు అంతగా తెలియవు. మాటల్లో తప్పులుంటే సర్దుకోండి.

ఇంట్లోనే సకినాలు, గారెప్పలు, అరిసెలు చేసి హన్మకొండ, కాజీపేట దుకాణాలకు వేస్తాను. బండి 2010 చివర్లో కొన్న మారుతి ఓమ్ని వ్యాన్. ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ చెప్పినంత పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మే రకం, ఉత్త పెట్రోలే, గ్యాస్ కిట్ లేదు. ఏపీ 36 నంబరు. వెనక సీటు మడిచి తట్టలు పెట్టుకుంటాం.

దీపావళి దాటినప్పటి నుంచి బండి పెట్రోలు తాగుడు మొదలైంది. అంతకుముందు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్లు ఇచ్చేది, ఇప్పుడు తొమ్మిది దాటడం లేదు. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేస్తుంది, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ స్టార్ట్ కాగానే సైలెన్సర్ నుంచి నల్ల పొగ. ధనుర్మాసం కదా, వాకిట్లో మా కోడలు ముగ్గు వేస్తుంది. బండి తీసిన చోట రోజూ ముగ్గు మీద అరచేయంత నల్ల మచ్చ. ఇప్పుడు ఆ మూల వదిలేసి ముగ్గు వేస్తోంది పాపం.

ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది వాసన. మొన్న కాజీపేటలో ఒక దుకాణం ఆయన ప్యాకెట్ విప్పి ముక్కు దగ్గర పెట్టుకుని, "అక్కా, వీటిని నూనెలోనే వేయించారా, పెట్రోల్లోనా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ ఇరవై ప్యాకెట్లు వెనక్కి ఇచ్చాడు.

ఇప్పటిదాకా చేయించినవి: మూడు ప్లగ్గులు కొత్తవి, ఎయిర్ ఫిల్టర్ కొత్తది, ఇంజెక్టర్ క్లీనింగ్, చివరికి పొగలో ఆక్సిజన్ చూసే ఓ2 సెన్సర్. అన్నీ కలిపి ఏడు వేల ఎనిమిది వందలు. కొత్త ప్లగ్గులు వారం తిరగకుండానే కాటుక పూసినట్టు అయ్యాయి. స్కానర్ ఉన్న చోటికి తీసుకుపోతే తప్పు చూపే కోడ్ ఏమీ లేదు, బండి బాగానే ఉందన్నారు. బంకు దగ్గరి పొల్యూషన్ అబ్బాయి పైపులో గొట్టం పెట్టి చూస్తే సీఓ (కార్బన్ మోనాక్సైడ్) 3.9 శాతం వచ్చింది. నా బండికి 0.5 దాటకూడదట.

పదిహేనేళ్లు నిండాయి కాబట్టి ఆర్‌సీ రెన్యువల్ చేయించాలి, దానికి పొల్యూషన్ కాగితం కావాలి. సంక్రాంతి ఆర్డర్లు నెత్తి మీదున్నాయి. ఈసారి పండగైన రెండు వారాలకే మేడారం జాతర, మళ్లీ ఆర్డర్లు. నిద్రపట్టని టెన్షన్. మెకానిక్ దగ్గరికి నేను పోతే "సార్‌ను పంపండి మేడమ్" అంటున్నాడు. మా సార్‌కు బానెట్ ఎక్కడ తెరుస్తారో కూడా తెలియదు. ఓమ్నికి ఇంజిన్ సీటు కింద ఉంటుందని ఆయనకు చెప్పింది నేనే.

ఇంక ఏం చూడాలో చెప్పండి.


పాతబండి, పరకాల:

అక్కా, ముందు ఎయిర్ ఫిల్టర్ తీసేసి ఒక రోజు నడిపి చూడండి. గాలి చాలకపోతేనే నల్ల పొగ వస్తుంది. పొగ తగ్గితే తప్పు గాలిదే. తర్వాత గాలి, పెట్రోలు పాళ్లు మార్చే మిక్చర్ స్క్రూ అర చుట్టు తిప్పితే సరి. నా పాత మారుతి 800కు ఇట్లాగే చేశాను, ఇప్పటికీ పదహారు ఇస్తోంది.


జనగామ టాక్సీ:

స్క్రూ ఎక్కడిది అన్నా, అది ఎంపీఎఫ్ఐ. మీ 800 కార్బురేటర్ బండి, కంప్యూటర్ లేని పాత రకం.

అక్కా, ఇది కొత్త పెట్రోలు పని. ఇప్పుడు ఏ బంకులో కొట్టించినా ఇరవై శాతం ఇథనాలే. పాత బండ్లకు పడదు. మా దగ్గర అందరిదీ ఇదే ఏడుపు. బండికి పదిహేనేళ్లు అంటున్నారు, ఇంకా డబ్బులు పోయకండి. వచ్చిన కాడికి అమ్మేసి ఈకో వ్యాన్ తీసుకోండి. రెన్యువల్ వరకే అయితే పొల్యూషన్ స్లిప్పు గురించి దిగులెందుకు, బండి చూడకుండానే ఇచ్చేవాళ్లు దొరుకుతారు.


సకినాలక్క, హసన్‌పర్తి:

తమ్ముడూ, అట్లా స్లిప్పు తెచ్చుకుంటే కాగితం పాసవుతుంది, సకినాలు పాసవ్వవు కదా. ఈకో కొనే స్తోమత ఉంటే నేను ఇక్కడ అడిగేదాన్నే కాదు.


స్కానర్ తమ్ముడు, హన్మకొండ:

అక్కా, అన్నిటికన్నా ముందు ఒక మాట. వాసన పొగదా, లీకేజీదా తేల్చుకోండి. రాత్రంతా బండి ఆపి ఉంచి, పొద్దున స్టార్ట్ చేయకముందే డోర్ తీసి వాసన చూడండి. అప్పుడే పెట్రోలు గుప్పుమంటే ఎక్కడో పైపు కారుతున్నట్టు. అట్లాగైతే బండి తీయకండి. ఇంజెక్షన్ బండిలో పెట్రోలు పంపు ఒత్తిడితో వస్తుంది, చిన్న పగులు చాలు. ఓమ్నిలో మీరు కూర్చునేది ఇంజిన్ మీదే. నడిచేటప్పుడు మాత్రమే వస్తే అది కాలని పెట్రోలు పొగ. సీటు కింద ఇంజిన్ మూతకు రబ్బరు అంచు ఉంటుంది, అది అరిగితే పొగంతా లోపలికే.

ఇథనాల్ మాట తప్పు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది. అందువల్ల మిక్చర్ లీన్ (పెట్రోలు తక్కువ) వైపు జరుగుతుంది, రిచ్ (పెట్రోలు ఎక్కువ) వైపు కాదు. మైలేజీ కొంత తగ్గుతుంది, నిజమే. కానీ పద్నాలుగు నుంచి తొమ్మిదికి పడదు, నల్ల పొగ అసలే రాదు.

ఎయిర్ ఫిల్టర్ సంగతి కూడా అంతే. కార్బురేటర్‌లో ఫిల్టర్ మూసుకుపోతే పెట్రోలు ఎక్కువ పీల్చుకుంటుంది. ఇక్కడ మ్యాప్ సెన్సర్ మానిఫోల్డ్‌లో, అంటే ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టంలో, ఒత్తిడి కొలిచి కంప్యూటర్‌కు చెప్తుంది, వచ్చిన గాలికి తగ్గట్టే పెట్రోలు వేస్తుంది. ఫిల్టర్ మూసుకుపోతే బండి లాగదు, అంతే. ఫిల్టర్ తీసి నడిపితే మన రోడ్ల దుమ్మంతా ఇంజిన్‌లోకి పోతుంది, ఆ పని చేయకండి.

నేనైతే రెండు చూస్తాను. ఒకటి, ఆ మ్యాప్ సెన్సర్‌కు పోయే సన్న రబ్బరు గొట్టం. అది పగిలితే ఇంజిన్ బరువు మోస్తోందని కంప్యూటర్ పొరబడి పెట్రోలు కుమ్మరిస్తుంది. రెండు, కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. దాని కప్లర్ పీకి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రెండు, రెండున్నర కిలో ఓమ్‌ల దగ్గర, బాగా వేడెక్కాక మూడు వందల ఓమ్‌ల దగ్గర ఉండాలి.


డిపో మామ:

ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లకు పైగా స్పానర్ పట్టినవాణ్ణి. రిటైర్ అయ్యాక మనవడి కారు, ఇరుగుపొరుగు బండ్లు చూస్తుంటాను. డీజిల్ చేతులే గానీ వేడి, చలువ అన్ని ఇంజిన్లకూ ఒకటే.

బిడ్డా, ఇప్పటికి నీ చేత నాలుగు పనులు చేయించారు. ఒక్కరైనా నిన్ను ప్రశ్న అడిగారా? నేను అడుగుతాను, గుర్తు తెచ్చుకుని చెప్పు.

పొద్దున చల్లటి బండి ఒక్క సెల్ఫ్‌కే లేస్తుందన్నావు. మరి దుకాణం దగ్గర పది నిమిషాలు ఆపి మళ్లీ తీసేటప్పుడు ఎట్లా లేస్తుంది? దూరం పోయినప్పుడు పొగ తగ్గుతుందా, అంతే ఉంటుందా? డ్యాష్‌బోర్డు మీద వేడి ముల్లు ఎక్కడ నిలుస్తుంది? పోయిన ఎండాకాలంలో బండికి ఏమైనా అయిందా?

ఆఖరి రెండూ బాగా ఆలోచించి చెప్పు.


సకినాలక్క, హసన్‌పర్తి:

మామా, మీరు అడిగినవి చదివి ఇవాళ హన్మకొండ పోయి వచ్చేటప్పుడు అన్నీ గమనించాను.

స్కానర్ తమ్ముడు చెప్పినట్టు ముందు పొద్దున్నే వాసన చూశాను. ఆగి ఉన్నప్పుడు ఏమీ లేదు. స్టార్ట్ చేశాకే. మూత రబ్బరు చేత్తో తడిమితే ఒక పక్కంతా ఊడిపోయి ఉంది.

ఆపి మళ్లీ తీసేటప్పుడు సతాయిస్తుంది. నాలుగైదు సెల్ఫ్‌లు కొట్టాలి, లేదా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కొట్టాలి. లేచినప్పుడు గుప్పున పొగ. కాజీపేట దాకా పోతే కొంచెం తగ్గినట్టు ఉంటుంది గానీ పూర్తిగా పోదు.

ముల్లు కింది గీత దగ్గరే ఉంటుంది. గీత దాటి ఒక బియ్యపు గింజంత పైకి లేస్తుందేమో, అంతే. ఇన్నాళ్లూ నేను దాన్ని చూసి సంతోషపడుతున్నాను మామా. చల్లగా ఉంటే మంచిదే కదా అనుకున్నాను.

ఎందుకు సంతోషమంటే, పోయిన మే నెలలో పరకాల నుంచి వస్తుంటే ముల్లు పైకి పోయి బండి ఆవిర్లు కక్కింది. పెళ్లి సారె ఆర్డర్ వేసి వస్తున్నాం. మిట్టమధ్యాహ్నం, చెట్టు లేని రోడ్డు. దగ్గర్లో ఒక మెకానిక్ వచ్చి ఏదో పైపు మార్చి, నీళ్లు పోసి, "ఇంక జన్మలో వేడెక్కదు మేడమ్, వాల్వ్ కూడా పీకేశాను" అన్నాడు. నాలుగు వందలు తీసుకున్నాడు. నిజంగానే మళ్లీ వేడెక్కలేదు. ఎండాకాలం, వానాకాలం బాగానే నడిచింది. అందుకే ఇప్పటి పొగకూ దానికీ సంబంధం ఉంటుందని నాకు తట్టనే లేదు.


డిపో మామ:

దొరికింది. అతను పీకేసింది థర్మోస్టాట్ వాల్వ్.

మన దిక్కు ఎండలకు భయపడి చాలామంది మెకానిక్‌లు చేసే పనే ఇది. ఇంజిన్ వేడెక్కితే వాల్వ్ పీకి పారేస్తారు. నిజానికి ఆ రోజు వేడెక్కింది పగిలిన పైపు వల్ల. పైపు మార్చగానే జబ్బు పోయింది. వాల్వ్ ఊరికే బలైంది.

ఆ వాల్వ్ పని ఏంటంటే, ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు నీళ్లను రేడియేటర్‌లోకి పోనీయకుండా ఆపడం. లోపలి నీళ్లు లోపలే తిరిగి త్వరగా వేడెక్కుతాయి. సరైన వేడి రాగానే తెరుచుకుంటుంది. అది లేకపోతే తాళం తిప్పిన క్షణం నుంచి నీళ్లన్నీ రేడియేటర్ చుట్టే తిరుగుతాయి. పొయ్యి మీద గిన్నె పెట్టి పక్కన ఒకరు చెంబులతో చన్నీళ్లు పోస్తూ ఉన్నట్టు.

కార్బురేటర్ బండి అయితే కొంత మైలేజీ పోయి ఊరుకునేది. నీది కంప్యూటర్ బండి. ఇంజిన్ చల్లగా ఉంటే పెట్రోలు సరిగ్గా ఆవిరి కాదు, గోడలకు అంటుకుంటుంది. అందుకని చల్లగా ఉన్నప్పుడు కంప్యూటర్ కావాలనే పెట్రోలు ఎక్కువ వేస్తుంది, పాత బండ్లలో చోక్ లాగినట్టు. వేడెక్కాక తగ్గిస్తుంది. నీ బండి వేడెక్కడమే లేదు. రోజంతా చోక్ లాగి నడుపుతున్నావు బిడ్డా. పొద్దున ఒక్క సెల్ఫ్‌కే లేవడానికీ, మధ్యలో ఆపితే సతాయించడానికీ కారణం ఇదే. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొడితే చాలా ఇంజెక్షన్ బండ్లు పెట్రోలు వేయడం ఆపేస్తాయి. ఎక్కువైన పెట్రోలు బయటికి పోయి లేస్తుంది. నీకు తెలియకుండానే సరైన మందు వాడావు.

ఇంక ఓ2 సెన్సర్. మనం చెప్పుకునే లెక్క ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి. ఆ లెక్క తప్పితే ఓ2 సెన్సర్ చెప్తుంది, కంప్యూటర్ దిద్దుకుంటుంది. కానీ ఇంజిన్ కొంత వేడెక్కేదాకా కంప్యూటర్ ఆ సెన్సర్ మాట వినదు, తన లెక్క తను వేసుకుంటుంది. వినే వేడికి నీ బండి చేరుకోవడం లేదు. కొత్త సెన్సర్ పెట్టినా, బంగారు సెన్సర్ పెట్టినా ఒకటే. కోడ్ రాకపోవడమూ అందుకే. సెన్సర్లన్నీ నిజమే చెప్తున్నాయి. ఇంజిన్ చల్లగా ఉందని చెప్తున్నాయి, అది నిజంగానే చల్లగా ఉంది.

ఎండాకాలంలో ఎందుకు తెలియలేదంటే, బయటే నలభై దాటిన వేడి. రేడియేటర్‌లో తిరిగినా నీళ్లు అంతగా చల్లారవు. చలి పెరిగాక బయటపడింది.

నా మాట నమ్మి డబ్బులు పెట్టకు, ముందు చేత్తో చూడు. రేపు పొద్దున చల్లటి బండి స్టార్ట్ చేసి, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కు పోయే పై పైపు పట్టుకో. ఫ్యాను, బెల్టుల దగ్గర చేయి, కొంగు పెట్టకు. వాల్వ్ ఉంటే ఆ పైపు చాలాసేపు చల్లగా ఉండి, ఒక్కసారిగా వేడెక్కుతుంది. లేకపోతే మొదటి నుంచే గోరువెచ్చగా మెల్లగా మెల్లగా ఎక్కుతుంది. ముల్లు మాట ఒక్కటే నమ్మవద్దని ఎందుకంటున్నానంటే, చాలా బండ్లలో ముల్లుకు వేరే సెన్సర్, కంప్యూటర్‌కు వేరే సెన్సర్ ఉంటాయి. వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత మాత్రం తీయకు.


పాతబండి, పరకాల:

మామా, నా 800కు కూడా వాల్వ్ లేదు. ఇప్పుడు నాకు అనుమానం వస్తోంది.


డిపో మామ:

పదహారు ఇస్తోందన్నావు కదా. వేస్తే ఇంకా ఎక్కువ ఇస్తుందేమో చూడు.


సకినాలక్క, హసన్‌పర్తి:

మూడు రోజులు రాలేకపోయాను, నలభై కిలోల పిండి పని పడింది.

పైపు పట్టుకుని చూశాను. మొదటి నిమిషం నుంచే గోరువెచ్చన. అదే రోజు వరంగల్ చౌరస్తా దగ్గర స్పేర్ పార్ట్స్ దుకాణంలో వాల్వ్ కొన్నాను. అరచేతిలో పట్టేంత ఇత్తడి బిళ్ల, మధ్యలో స్ప్రింగు, అంచు మీద 82 అని ముద్ర. ఇంత చిన్నదానికా ఇంత కథ అనిపించింది. 82 అంటే ఏంటని అడిగితే ఆ డిగ్రీల దగ్గర తెరుచుకుంటుందన్నాడు.

నాకు మనసొప్పలేదు. కొత్తదని నమ్మి పెట్టించి, అది పనిచేయకపోతే మళ్లీ నడిరోడ్డు మీద ఆవిర్లు. ఇంట్లో గంజులో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, వాల్వ్‌ను దారానికి కట్టి వేలాడదీశాను. అడుగుకు తగలకుండా పట్టుకోవాలని నాకే తోచింది. అడుగు ముందు కాలుతుంది కదా, సకినాల బాండీ దగ్గర తెలిసిన విద్యే. నీళ్లలోంచి పొగలు వచ్చాయి, కదల్లేదు. అడుగున చిన్న చిన్న బుడగలు లేచాయి, కదల్లేదు. బుడగలు పైకి రావడం మొదలయ్యాక మధ్యలో సన్నటి సందు కనిపించింది. మరిగేసరికి చిటికెన వేలి మందాన తెరుచుకుంది. పైకి తీసి పట్టుకుంటే మెల్లగా మూసుకుంది. మా కోడలు ఫోన్‌లో తీసి వాళ్ల అమ్మకు పంపింది, "మా అత్త బండి సామాన్లు ఉడకబెడుతోంది" అని.

ఈసారి మెకానిక్ దగ్గరికి నేనే పోయాను. సార్ రాలేదా అన్నాడు. రారు, థర్మోస్టాట్ హౌసింగ్ విప్పు అన్నాను. విప్పాడు. లోపల ఏమీ లేదు, తుప్పు నీళ్లు తప్ప. అతను ఒక నిమిషం మాట్లాడలేదు. తర్వాత వాల్వ్, కొత్త గ్యాస్కెట్ వేసి, నీళ్లన్నీ తీసి ఆకుపచ్చ కూలెంట్ పోసి, గాలి లేకుండా చూసి ఇచ్చాడు. మూతకు రబ్బరు కూడా మార్పించాను.

ఇప్పుడు ముల్లు హసన్‌పర్తి చెరువు దాటకముందే మధ్యకు కొంచెం కిందికి వచ్చి నిలబడుతోంది. ఆపి తీస్తే ఒకటో రెండో సెల్ఫ్‌లకు లేస్తోంది. ముగ్గు మీద మచ్చ రూపాయి బిళ్లంత అయింది. కానీ పొల్యూషన్ చూపిస్తే 1.2. సగానికి పైగా దిగింది గానీ పాస్ కాలేదు. లోపల వాసన కూడా కొంచెం మిగిలింది. ఇంకేమైనా ఉందా?


జనగామ టాక్సీ:

నేను చెప్పాను, ఇంజెక్టర్లు కారుతుంటాయి. మూడూ మార్చండి.


స్కానర్ తమ్ముడు, హన్మకొండ:

చెప్పలేదన్నా, మీరు బండి అమ్మమన్నారు.

అక్కా, ఇంజెక్టర్లు ఇప్పుడే ముట్టుకోకండి. ఆయిల్ చూశారా? రెండు నెలలుగా కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీదుగా కిందికి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలిసి ఉంటుంది. డిప్‌స్టిక్ తీసి లెవెల్ చూడండి, వాసన చూడండి. ఆయిల్ తగ్గాల్సింది పోయి పెరిగి ఉంటే అదే. ఇంజిన్ వేడెక్కినప్పుడు ఆ ఆయిల్‌లోంచి పెట్రోలు ఆవిరి లేచి పీసీవీ గొట్టం గుండా మళ్లీ ఇంజిన్‌లోకే పోతుంది. ఇంజెక్టర్ వేసేది కాక ఇది అదనం. ఇంతకుముందు ఇంజిన్ చల్లగా ఉండేది కాబట్టి ఆ పెట్రోలు ఆయిల్‌లోనే ఉండిపోయింది. ఇప్పుడు వేడెక్కుతోంది కాబట్టి బయటికి వస్తోంది.


డిపో మామ:

తమ్ముడి మాట సరైనది. నేనే ముందు చెప్పాల్సింది, మరిచాను. ఆ ఆయిల్‌తో ఇంకా నడపకు బిడ్డా, పలుచబడ్డ ఆయిల్ బేరింగులను తినేస్తుంది. ఫిల్టర్ కూడా మార్చు. ప్లగ్గులు కొత్తవి కొనకు, ఉన్నవే బ్రష్షుతో తుడిచి పెట్టుకో. ఆయిల్ మార్చాక పొల్యూషన్‌కు పోయే ముందు ఓ ముప్పై, నలభై కిలోమీటర్లు ఆపకుండా నడుపు. సైలెన్సర్‌లో పొగను శుభ్రం చేసే కన్వర్టర్ ఉంటుంది, అది బాగా కాలితేనే మసి పోతుంది. చల్లటి బండిని గేటులోంచి తీసి నేరుగా పొల్యూషన్‌కు పెడితే మంచి బండి కూడా ఫెయిలవుతుంది.


సకినాలక్క, హసన్‌పర్తి:

డిప్‌స్టిక్ తీశాను. పై గీత దాటి వేలెడంత ఎక్కువుంది. నిరుడు నుంచి నేను ఒక్క చుక్క పోయలేదు. రెండు వేళ్ల మధ్య రుద్దితే జిగురే లేదు, కిరసనాయిలులా జారిపోయింది. వాసన చూస్తే కాజీపేట దుకాణం ఆయన గుర్తొచ్చాడు. నూనెతో బతికేదాన్ని, రోజూ బాండీలో నూనె జారుడు చూసి ఎప్పుడు మార్చాలో చెప్తాను. బండి నూనె మాత్రం రెండు నెలలు చూడలేదు.

ఆయిల్, ఫిల్టర్ మార్పించి, ప్లగ్గులు తుడిపించి, ములుగు రోడ్డు మీద ఇరవై కిలోమీటర్లు పోయి వెనక్కి వచ్చాను. జాతరకు పోయే బండ్లు అప్పుడే మొదలయ్యాయి, ఆగి ఆగి పోవాల్సి వచ్చింది. నేరుగా బంకు దగ్గరికి పోయి బండి బంద్ చేయకుండానే గొట్టం పెట్టించాను. సీఓ 0.28. ఆ అబ్బాయి మిషన్ తప్పు చూపిస్తోందేమో అని గొట్టం తీసి మళ్లీ పెట్టాడు. 0.29. కాగితం ఇచ్చాడు. రెన్యువల్ స్లాట్ సోమవారానికి దొరికింది.

వాల్వ్, గ్యాస్కెట్, కూలెంట్, ఆయిల్, రబ్బరు, కూలి అన్నీ కలిపి మూడు వేల లోపే. మొదట తగలేసిన ఏడు వేల ఎనిమిది వందలు తలుచుకుంటే కడుపు మండుతోంది గానీ ఏం చేస్తాం.

ప్లగ్గు ఒకటి నిన్న విప్పించి చూశాను, లేత ఇటుక రంగులోకి వస్తోంది. మైలేజీ ఇంకా నికరంగా లెక్క కట్టలేదు, ట్యాంకు నింపి చూసి చెప్తాను. పన్నెండు దాటినట్టే అనిపిస్తోంది.

కాజీపేట ఆయనకు కొత్త ప్యాకెట్లు పట్టుకుపోయాను. విప్పి వాసన చూసి, ఒకటి విరిచి నోట్లో వేసుకుని, వాము కొంచెం తగ్గిందన్నాడు. అంటే పెట్రోలు పోయినట్టే.

మామా, ఒక చిన్న అనుమానం. మెకానిక్ మార్చేసిన పాత ఓ2 సెన్సర్ నేను అడిగి తెచ్చుకున్నాను, పోపుల డబ్బా పక్కన ఉంది. అది అసలు చెడిపోలేదేమో కదా? ఎట్లా తెలుసుకోవాలి?


డిపో మామ:

మసి పట్టి ఉంటుంది, చచ్చి ఉండకపోవచ్చు. మెకానిక్ దగ్గర బ్లో ల్యాంప్ ఉంటే, సెన్సర్‌ను వైస్‌లో బిగించి, సిగ్నల్ వైరుకు మల్టీమీటర్ పెట్టి కొనను మంటలో ఉంచమను. బాగా కాలాక 0.8, 0.9 వోల్టుల దాకా ఎక్కి, మంట తీయగానే చప్పున పడిపోతే బతికే ఉన్నట్టు. దాచిపెట్టుకో, పనికొస్తుంది.

మీ వంట పొయ్యి మీద మాత్రం పెట్టకు బిడ్డా.


సకినాలక్క, హసన్‌పర్తి:

పోయిన వారమే వాల్వ్ ఉడకబెట్టానని మా కోడలు ఆ గంజు వేరే పెట్టేసింది మామా. సెన్సర్ సంగతి ఆమెకు చెప్పను.